జడ్జి గారికి పిల్లనిచ్చిన ఊరు: స్పెయిన్ వలసల్లో రాజు కోర్టులు, పెద్దింటి వియ్యాలు

పాతకాగితం (చర్చ మొదలుపెట్టినవారు)

చాలా రోజులుగా రాద్దామనుకుంటున్న విషయం. స్పెయిన్ రాజులు అమెరికా ఖండాల్లో తమ పేరుమీద న్యాయం చెప్పడానికి పెట్టిన పెద్ద కోర్టును ఔదియెన్సియా అనేవారు. మొదటిది 1511లో సాంతో డొమింగోకి ప్రకటించారు. తర్వాత మెక్సికో, లీమా, బొగోతా, కీతో, సాంతియాగో, ఆసియా వైపు మనీలా, ఇలా పెరుగుతూ పోయాయి. అందులో కూర్చునే జడ్జిని ఒయిదోర్ అంటారు. ఆ మాటకి అర్థం వినేవాడు అని. వీళ్ళ పని తీర్పులతో ఆగదు. వైస్రాయికి సలహా చెప్పేదీ, వైస్రాయి లేనప్పుడు పాలన చూసేదీ, పన్నుల గొడవలు తేల్చేదీ వీళ్ళే. మన లెక్కలో హైకోర్టు, సెక్రటేరియట్, రెవెన్యూ బోర్డు కలిపి ఒకే గదిలో కూర్చున్నట్టు.

అలాంటి మనిషి ఒక ఊళ్ళో ఇరవై ఏళ్ళుంటే ఏమవుతుంది? ఆ ఊరి పెద్దలు అతన్ని అల్లుణ్ణి చేసుకుంటారు. రాజుకి ఇది ముందే తెలుసు. 1575 ఫిబ్రవరిలో రెండో ఫిలిప్ శాసనం చేశాడు: వైస్రాయిలు, జడ్జీలు, ప్రభుత్వ వకీళ్ళు, వాళ్ళ పిల్లలు, తమ అధికారం నడిచే ప్రాంతంలో రాజు అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోకూడదు. చేసుకుంటే ఉద్యోగం పోతుంది. తర్వాత సంబంధం మాట్లాడుకోవడం కూడా తప్పే అన్నారు. 1680లో రాజు ఆమోదించిన వలస చట్టాల సంపుటిలో ఇంకా ఉన్నాయి. భూములు కొనకూడదు, వ్యాపారం చేయకూడదు, గనుల్లో వాటా పెట్టకూడదు, ఊరివాళ్ళ పిల్లలకి జ్ఞానస్నానంలో ధర్మపిత అవకూడదు, పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళకూడదు. ఊళ్ళో ఉంటూ ఊరివాడు కాకుండా ఉండాలన్నమాట.

నా వాదన ఒక్కటే. ఈ నిషేధం ఓడిపోయిందని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించదు. అది రాజుకి మంచి సరుకైంది. తాళం వేసినవాడే తాళంచెవి అమ్ముకున్నాడు. మీరేమంటారు?

రాజోలు_రామచిలుక

పెళ్ళికి వెళ్ళకూడదు, చావుకి వెళ్ళకూడదు, స్థలం కొనకూడదు. ఇంక ఆ ఊళ్ళో బతకడం ఎందుకండీ, కోర్టులోనే మంచం వేసుకుంటే సరిపోయేది 😀

సీరియస్‌గా ఒక డౌట్. దేశం మొత్తం మీద పెళ్ళి నిషేధమా? అలాగైతే సగంమంది బ్రహ్మచారులే అయ్యుంటారు.

శిరస్తదారు

నేను జిల్లా కోర్టులో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. మీరు రాసింది చదువుతుంటే మా పాత జడ్జిగారొకరు కళ్ళముందు కదిలారు. ఊరు, పేరు చెప్పను. పక్క జిల్లా నుంచి వచ్చారు. బార్ అసోసియేషన్ వాళ్ళు శుభలేఖ తెస్తే రెండు చేతులా అందుకునేవారు, కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించేవారు, పెళ్ళికి మాత్రం వెళ్ళేవారు కాదు. అక్షింతలు అటెండర్‌తో పంపేవారు. ఆ వీధిలో పేరంటాలకి కూడా అమ్మగారు వెళ్ళేవారు కాదు. పాపం ఆవిడకి మూడేళ్ళపాటు ఊళ్ళో స్నేహితురాలంటూ లేదు. "ఆయనకి బదిలీ అయితే నాకు విడుదల" అనేది మా ఇంటావిడతో.

తర్వాత వచ్చినాయన దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన కథ ఇక్కడ వద్దు.

పాతకాగితం గారూ, ఆ దేశాల్లో భార్యల మీద కూడా ఆంక్షలుండేవా?

పాతకాగితం

శిరస్తదారు గారూ, ఉండేవండి. జడ్జి వ్యాపారం చేయకూడదంటే భార్య పేరుతో చేయిస్తాడని వాళ్ళకీ తెలుసు. అందుకే భార్యలు వ్యాపారం చేయకూడదని, కక్షిదారుల తరఫున సిఫార్సులు చేయకూడదని కూడా రాశారు.

రామచిలుకా, మంచి ప్రశ్న వేశావు. నిషేధం మొత్తం ఖండానికి కాదు, ఆ జడ్జి కోర్టు పరిధి వరకే. కన్నం ఉన్నదే అక్కడ. చార్కస్‌లో, అంటే ఇప్పటి బొలీవియాలో, పనిచేసే జడ్జి లీమా పిల్లని చేసుకోవచ్చు. తర్వాత లీమాకి బదిలీ పెట్టించుకోవచ్చు. అప్పుడు అత్తవారి ఊళ్ళోనే జడ్జి. చట్టం ఎక్కడా చెడలేదు! అదీ కుదరకపోతే మాద్రిద్‌కి అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోవడమే.

పెళ్ళి ఎందుకంత అవసరం అంటే, డబ్బు. సముద్రం దాటి ఆ పదవికి వచ్చేసరికే మనిషి అప్పుల్లో ఉంటాడు. ప్రయాణ ఖర్చు, హోదాకి తగ్గ ఇల్లు, బండి, నౌకర్లు. చేతిలో లా డిగ్రీ, వెనక మంచి ఇంటిపేరు తప్ప ఆస్తి పెద్దగా ఉండదు. స్థానిక హాసియెందా, అంటే పెద్ద ఎస్టేట్, యజమాని దగ్గర భూమి, వెండి, బానిసలు ఉంటారు, రాజు దగ్గర పలుకుబడి ఉండదు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. కట్నం మధ్యవర్తి. వాళ్ళ భాషలో దోతె అంటారు. మనకిది వేరే వివరించి చెప్పక్కర్లేదు కదా.

మెక్సికో_మూర్తి

నేను గ్వాదలహారాలో ఐటీ ఉద్యోగిని, ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఇక్కడి ఔదియెన్సియా 1548 నాటిది. ఈ ఊళ్ళోనే పుట్టిన ఫ్రాన్సిస్కో హవియెర్ గంబోవా (1717) గురించి చెప్పాలి. ఆయన క్రియోల్, అంటే అమెరికాలో పుట్టిన స్పానిష్ జాతివాడు. మెక్సికో వర్తక సంఘానికి వకీలు, వాళ్ళ తరఫున మాద్రిద్ వెళ్ళి వాదించాడు. గని చట్టాల మీద 1761లో రాసిన వ్యాఖ్యానం గని యజమానులకి చాలాకాలం ప్రమాణం. 1764లో మెక్సికో కోర్టులో నేర విభాగం జడ్జి అయ్యాడు.

అప్పుడే రాజు ప్రత్యేక తనిఖీ అధికారిగా హోసే దె గాల్వెస్ వచ్చాడు. వర్తకులతో, గని యజమానులతో గంబోవాకి అంత దగ్గరితనం ఉండటం ఆయనకి నచ్చలేదు. ఆయన్ని స్పెయిన్‌కి పంపించేశారు. తర్వాత తిరిగి రానిచ్చారు, మళ్ళీ సాంతో డొమింగోకి తోలారు. చివరికి గాల్వెస్ చనిపోయాక, 1788లో, మెక్సికో కోర్టుకే అధిపతిగా వచ్చాడు. డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో!

నేనడిగేదేంటంటే, ఇక్కడ పుట్టినవాడికి ఇక్కడ చుట్టాలుండటం నేరమా? గనుల గురించి ఆయనకి తెలిసినంత స్పెయిన్‌లోని సెవియ్యా నుంచి వచ్చి ఓడ దిగిన కుర్రాడికి ఏం తెలుస్తుంది? 1771లో మెక్సికో నగర సభ రాజుకి పెద్ద విన్నపం రాసింది. బయటినుంచి వచ్చే అధికారి అప్పులతో వస్తాడు, ఈ నేల సంగతి తెలియదు, వచ్చిన దగ్గర్నుంచి తిరిగి వెళ్ళే రోజు కోసమే చూస్తుంటాడు, పదవులు మాకివ్వండి అని. నాకందులో అబద్ధం కనపడలేదు.

నల్లకోటు

మూర్తి గారూ, ఆ విన్నపం రాసింది ఎవరు? నగర సభలో కూర్చున్న భూస్వాములే కదా. దరఖాస్తుదారే లబ్ధిదారు. ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్ కూడా చేయాలి.

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తాను. చుట్టరికం ఉంటే తీర్పు తప్పే అవుతుందని ఎవరూ అనరు. కక్షిదారు మొహం చూడండి. అవతలివాడి వకీలు జడ్జి బావమరిది అని తెలిసినరోజే వాడు సగం కేసు ఓడిపోయినట్టు ఇంటికి వెళ్తాడు. మన సుప్రీంకోర్టు జడ్జీలు 1997లో తమకి తాము రాసుకున్న నడవడిక సూత్రాల్లో ఇదే ఉంది. సొంత కుటుంబంవాళ్ళు తమ ముందు వాదించకూడదు, బార్‌లో వ్యక్తులతో మరీ దగ్గరి స్నేహాలు వద్దు అని. 2009లో లా కమిషన్ 230వ నివేదికలో 'అంకుల్ జడ్జీలు' అనే మాటే వాడింది. 1575లో ఫిలిప్ భయపడ్డదీ, 2009లో మనవాళ్ళు రాసిందీ ఒకటే.

ఇంకో విషయం. స్పానిష్ చట్టంలో కూడా కక్షిదారు దగ్గరి బంధువైతే జడ్జి తప్పుకోవాలి. అందరూ అందరికీ బంధువులైన చిన్న ఊళ్ళో అలా తప్పుకుంటూ పోతే బెంచ్ ఖాళీ. అప్పుడు స్థానిక వకీళ్ళలో ఒకర్ని తాత్కాలిక జడ్జిగా కూర్చోబెట్టేవారు. ఆ వకీలు ఎవరి మనిషో చెప్పాలా?

రాజోలు_రామచిలుక

అంటే బావ తప్పుకుంటే బావమరిది కూర్చుంటాడు. మా ఊరి పంచాయతీ నయం కదండీ.

కొండపల్లి_బొమ్మ

మీరందరూ జడ్జి, మామగారు, కట్నం దగ్గరే తిరుగుతున్నారు. కేసు ఓడినవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

చిలీలో 17వ శతాబ్దంలో కాతలీనా దె లోస్ రియోస్ అనే భూస్వామిని ఉండేది. లా కింత్రాలా అంటే అక్కడ పిల్లలకి కూడా తెలుసు. తల్లివైపు లిస్పెర్గెర్లు, సాంతియాగోలో తిరుగులేని కుటుంబం. 1634లోనే బిషప్ సాల్సెదో మాద్రిద్‌లో వలసల వ్యవహారాలు చూసే ఇండీస్ మండలికి ఉత్తరం రాశాడు, ఈమె మీద హత్యారోపణలు ఉన్నా శిక్ష పడటం లేదని. ఆమె ఎస్టేట్‌లో పనివాళ్ళనీ బానిసల్నీ హింసించి చంపిందన్న ఫిర్యాదుల మీద కోర్టు గట్టిగా విచారణకి దిగింది ఎప్పుడనుకున్నారు? 1660లో! 1665లో ఆమె తన మంచం మీదే చనిపోయింది. తీర్పు రాలేదు. ఆమె మీద 19వ శతాబ్దిలో అల్లిన కథలు చాలా ఉన్నాయి, మంత్రగత్తె అని, ఇంకోటని. అవన్నీ తీసేసినా ఈ తేదీలు మిగులుతాయి కదా. ముప్పై ఏళ్ళు.

మూర్తి గారు స్పెయినోడా స్థానికుడా అంటున్నారు. పొలంలో చచ్చిన ఇండియన్‌కి, అంటే అక్కడి మూలవాసికి, ఇద్దరూ ఒకటే.

మెక్సికో_మూర్తి

బొమ్మ గారూ, ఒప్పుకుంటాను. కానీ ఒక చిన్న మాట. మెక్సికోలో 1590ల నుంచే ఇండియన్ల కోసం విడిగా కోర్టు ఉండేది. పన్ను కట్టే ప్రతి ఇండియన్ దగ్గరా ఏటా అర రియాల్ (అప్పటి వెండి నాణెం) వసూలు చేసి దాంతో నడిపేవారు. అందుకని ఫీజు లేకుండా కేసు వినేవారు. వాళ్ళు విపరీతంగా కేసులు వేసేవారు, కొన్ని గెలిచేవారు కూడా. మరీ మూగవాళ్ళేం కాదు.

కొండపల్లి_బొమ్మ

అర రియాల్ వాళ్ళ దగ్గరే వసూలు చేసి, ఉచితం అన్నమాట. బావుంది.

పాతకాగితం

చర్చ ఇక్కడిదాకా వచ్చింది కాబట్టి నా తాళంచెవి సంగతి చెప్తాను.

17వ శతాబ్దం చివరికి స్పెయిన్ ఖజానా ఖాళీ. చిన్న పదవులు అమ్మడం అప్పటికే పాత అలవాటు. 1687 నుంచి జడ్జి పదవులకి కూడా ధర కట్టడం మొదలైంది. యుద్ధం వచ్చినప్పుడల్లా అమ్మకం జోరందుకునేది. 1750లో ఆపేశారు. ఖాళీ లేకపోయినా అమ్మేవారు. డబ్బు కట్టినవాడు ఎప్పుడు సీటు ఖాళీ అవుతుందా అని కూర్చునేవాడు, వెయిటింగ్ లిస్టు టికెట్ లాగ. పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళు కూడా కొన్నారు. పదవితోపాటు అదనపు చెల్లింపు మీద మినహాయింపులు కూడా దొరికేవి. సొంత ఊళ్ళోనే జడ్జిగా ఉండటానికి, స్థానిక పిల్లని చేసుకోవడానికి, ఆస్తి ఉంచుకోవడానికి.

1687 నుంచి 1750 దాకా వేసిన 311 మంది జడ్జీల్లో 138 మంది, అంటే నూటికి 44 మంది, క్రియోల్లే. వాళ్ళలో ఎక్కువమంది కొనుక్కున్నవాళ్ళు. 1751 నుంచి 1808 దాకా 266 నియామకాల్లో క్రియోల్లు 62 మంది. నూటికి 23. 1808లో అన్ని కోర్టుల్లో కలిపి 99 మంది ఉంటే, సొంత పరిధిలో పనిచేస్తున్న క్రియోల్లు ఆరుగురు మాత్రమే.

చూడండి, 1575 శాసనం ఆ రెండు వందల ఏళ్ళలోనూ రద్దు కాలేదు. రద్దు చేస్తే మినహాయింపు ఎవడు కొంటాడు?

నల్లకోటు

లెక్క బావుంది, కానీ వాదనలో లొసుగు ఉంది. అమ్మకం 1687లో మొదలైంది అంటున్నారు. శాసనం 1575. మధ్యలో 112 ఏళ్ళు నిషేధం సరుకు కోసం పెట్టలేదు కదా? ఫిలిప్ నిజంగానే భయపడి పెట్టాడు. అతని మునిమనవడి కాలంలో డబ్బులేక అమ్ముకున్నారు. రెండిటినీ ఒక తాడుకి కట్టకండి.

పాతకాగితం

నల్లకోటు గారూ, ఒప్పుకున్నాను. మొదటి పోస్టులో 'రాజు' అని ఒకే మనిషిలా రాశాను, అది తప్పు. భయపడ్డ రాజు వేరు, అమ్ముకున్న రాజు వేరు. అయినా మధ్య కాలంలో కూడా అనుమతులు వస్తూనే ఉన్నాయండి. ఆ కాలపు వలస చట్టానికి అందరికంటే పెద్ద పండితుడు హువాన్ దె సొలోర్సానో, 1610 ప్రాంతం నుంచి లీమాలో ఒయిదోర్. జడ్జీల పెళ్ళి నిషేధం గురించి పేజీలకి పేజీలు చర్చించినవాడు. ఆయన కూడా పెరూలో ఉండగానే క్లారా పనియాగ్వా దె లొవాయ్సా అనే ఉన్నత కుటుంబపు పిల్లని చేసుకున్నాడు.

వియ్యపురాలు_విజయ

నేను చదవడమే తప్ప రాయను మామూలుగా. కానీ నాకు వంశవృక్షాలంటే పిచ్చి, లీమాలోని కొంచా కుటుంబం గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

హోసే దె సాంతియాగో కొంచా 1667లో లీమాలో పుట్టాడు. లీమాలోనే ఒయిదోర్. 1717లో చిలీకి తాత్కాలిక గవర్నరుగా వెళ్ళి కియోతా పట్టణం స్థాపించాడు. దానికి తన ఇంటిపేరు కూడా తగిలించాడు, సాన్ మార్తిన్ దె లా కొంచా అని. తర్వాత కాసా కొంచా మార్క్వెస్ బిరుదు. ఆయన కూతురు హోసెఫాని లీమాలోనే పుట్టిన అంతోనియో కెరెహాసు చేసుకున్నాడు. అతనూ లీమా ఒయిదోరే! కొడుకు మెల్చోర్ చార్కస్‌లో, సాంతియాగోలో, లీమాలో ఒయిదోర్. మెల్చోర్ కొడుకు మళ్ళీ హోసే, సాంతియాగోలో ఒయిదోర్, అక్కడి లా సెర్దా కుటుంబం పిల్లని చేసుకున్నాడు. తాత, తండ్రి, మనవడు, అల్లుడు. మా అత్తగారు వింటే "ఆ ఇంట్లో ఉయ్యాలకి కూడా నల్ల గుడ్డే కట్టుంటారు" అనేది.

తమాషా చివర్లో ఉంది. 1810లో చిలీలో స్థానిక ప్రభుత్వం ఏర్పడింది. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో ఫిగెరోవా అనే సైనికాధికారి తిరుగుబాటు చేసి ఓడిపోయాడు, వెనకాల కోర్టు ఉందన్న అనుమానంతో ఔదియెన్సియాని రద్దు చేశారు. ఈ మూడో తరం హోసే రాజు పక్షం. అతని కొడుకు మెల్చోర్, 1799లో సాంతియాగోలో పుట్టినవాడు, స్వతంత్ర చిలీలో ఉదారవాద రాజకీయ నాయకుడయ్యాడు, 1828 రాజ్యాంగం రాసిన సభలో సభ్యుడు. రాజు పోయాడు, కోర్టు పోయింది. కుటుంబం మాత్రం కుర్చీ మారింది, గది మారలేదు.

రాజోలు_రామచిలుక

విజయ గారూ, మీరు మామూలుగా రాయకపోవడం మాకు నష్టం. మీ అత్తగారికి నమస్కారాలు.

గుంటూరు_కారం

మనవైపు కథ ఒకటి ఉంది, చెప్పనా? జడ్జీలు కాదు, రెవెన్యూవాళ్ళు, అయినా రోగం అదే.

19వ శతాబ్దం మొదటి సగంలో గుంటూరు కలెక్టర్ కచేరీ అంతా కొన్ని కుటుంబాల చేతిలో ఉండేది. మరాఠీ మూలాలున్న దేశస్థ కుటుంబాలది పైచేయి. శిరస్తదారు ఒక ఇంటివాడు, అతని మేనల్లుడు ఇంకో పెద్ద పదవి, బావమరిది తాలూకా తహసీల్దారు. కలెక్టర్ వస్తాడు, పోతాడు. వచ్చినవాడికి భాష రాదు, లెక్క వాళ్ళు చూపించినంతే. 1832-33లో డొక్కల కరువు వచ్చి జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయినప్పుడు కూడా శిస్తు లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయో ఊహించుకోండి. 1840ల్లో వాల్టర్ ఎలియట్‌ని పంపి విచారణ చేయించారు. 1854లో మద్రాసు రెవెన్యూ బోర్డు ఒక స్థాయీ ఉత్తర్వు ఇచ్చింది, జిల్లాల్లో కింది ఉద్యోగాలన్నీ పలుకుబడి ఉన్న కొద్ది కుటుంబాల సొత్తు కాకుండా కలెక్టర్లు చూసుకోవాలి, ముఖ్య ఉద్యోగాలు వేర్వేరు కులాలకి పంచాలి అని.

తేడా గమనించండి. స్పెయిన్ రాజు పైనున్న జడ్జి ఊళ్ళోవాళ్ళతో కలవకుండా చూశాడు. కంపెనీవాడి పైఅధికారి ఊరి పిల్లని పెళ్ళాడే ప్రశ్నే లేదు. అతనికి వియ్యం అక్కర్లేదు, దుబాసీ చాలు. అందుకని చుట్టరికమంతా కింది మెట్టు మీద జరిగింది.

శిరస్తదారు

కారం గారూ, నా పేరుకి కొంచెం గౌరవం ఉంచండి. 😀

మీరన్నది మాత్రం నిజం. మా రోజుల్లో కూడా జడ్జిని మూడేళ్ళకి మార్చేవారు. గుమస్తా అక్కడే పుట్టి అక్కడే రిటైరయ్యేవాడు. ఏ ఫైలు ఎక్కడుందో వాడికే తెలుసు.

నల్లకోటు

అయితే ఇప్పటి మన జిల్లా కోర్టుల్లో గుమస్తాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. మొన్నొకచోట ఒక సర్టిఫైడ్ కాపీ కోసం నేను

నిర్వాహకుడు

ఇప్పటి కోర్టుల మీద వేరే చర్చ తెరవండి దయచేసి. నల్లకోటు గారి పోస్టులో మిగతా భాగం తీసేశాను, వ్యక్తుల పేర్లు ఉన్నందువల్ల.

పద్యాలరాయుడు

ఇంతమంది పెళ్ళయిన జడ్జీల గురించి చెప్పారు. పెళ్ళికాని జడ్జి ఒకడున్నాడు, అతను కవి కూడా. స్పెయిన్ కాదు, పోర్చుగల్ వలస బ్రెజిల్.

తొమాస్ అంతోనియో గొన్సాగా. 1744లో పోర్తోలో పుట్టాడు. 1782లో బంగారు గనుల పట్టణం విలా రికాకి ఓవిదోర్‌గా వచ్చాడు. పోర్చుగీసువాళ్ళ మాట అది, అర్థం అదే, వినేవాడు. అక్కడ మరియా దొరొతేయా అనే పిల్లని ప్రేమించాడు. తనకి నలభై, ఆ పిల్లకి పదిహేనో పదహారో. ఊళ్ళో పెద్ద కుటుంబం, వాళ్ళకి మొదట ఈ సంబంధం ఇష్టం లేదు. తనకి దిర్సెయు అని, ఆమెకి మరీలియా అని పేర్లు పెట్టి పద్యాలు రాశాడు. పోర్చుగీసు భాషలో ఆ పద్యాలు తెలియనివాళ్ళు ఉండరు. చివరికి పెద్దలు ఒప్పుకున్నారు. కానీ పోర్చుగల్ చట్టం కూడా స్పెయిన్ లాంటిదే. న్యాయాధికారి స్థానికురాలిని చేసుకోవాలంటే రాణి అనుమతి కావాలి. అర్జీ సముద్రం దాటాలి, జవాబు సముద్రం దాటి రావాలి.

1789 మేలో, పెళ్ళి ఇంకెంతో దూరంలో లేదనగా, అతన్ని అరెస్టు చేశారు. మినాస్ (ఆ గనుల ప్రాంతం పేరు) కుట్ర కేసు, పన్నుల మీద తిరుగుబాటు ఆలోచించారని. మూడేళ్ళు జైలు. 1792లో మొజాంబిక్‌కి ప్రవాసం. అక్కడేం చేశాడంటారా? అక్కడి ధనవంతుడైన వ్యాపారి కూతుర్ని చేసుకున్నాడు. ఆ వ్యాపారి సంపాదన బానిసల అమ్మకం మీద. మళ్ళీ ప్రభుత్వ ఉద్యోగం కూడా సంపాదించుకున్నాడు. మరియా దొరొతేయా పెళ్ళి చేసుకోలేదు, 1853 దాకా బతికింది.

పద్యాలు మాత్రం ఇప్పటికీ గొప్పగా ఉంటాయి. అతని మీద నాకు జాలి ఎక్కువా, కోపం ఎక్కువా అని ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

కొండపల్లి_బొమ్మ

నాకు డౌటే లేదండి, కోపమే.

మెక్సికో_మూర్తి

రాయుడు గారి కథలో ముఖ్యమైన సంగతి కుట్ర అనుకుంటాను. అందులో ఇరుక్కున్నవాళ్ళు అప్పులున్న పన్ను కాంట్రాక్టర్లు, సైనికాధికారులు, పూజారులు, వకీళ్ళు. అంటే రాజు మనిషి స్థానికులతో మరీ కలిసిపోతే ఏ భయం ఉందో, అదే జరిగింది. లంచం అనుకుని భయపడితే తిరుగుబాటు వచ్చింది.

కానీ నేను తిరగేసి అడుగుతాను. 1750 తర్వాత స్పెయిన్ ఈ చుట్టరికాలన్నీ తెంపింది కదా. తెంపాక రాజ్యం బలపడిందా?

పాతకాగితం

మూర్తీ, నువ్వు అడుగుతావనే బొగోతా కథ దాచి ఉంచాను.

1730ల్లో మనువెల్ బెర్నార్దో ఆల్వరెస్ అనే స్పెయిన్‌వాడు ఇప్పటి కొలంబియాలోని బొగోతా కోర్టులో ఫిస్కాల్‌గా, అంటే రాజు తరఫు వకీలుగా, వచ్చాడు. అక్కడే కాపురం, చాలామంది పిల్లలు. కూతుళ్ళని ఖజానా అధికారులకీ ఊరి పెద్దలకీ ఇచ్చాడు. నలభై ఏళ్ళు తిరిగేసరికి ఖజానాలో అల్లుడు, లెక్కల ఆఫీసులో ఇంకో బంధువు, ఊళ్ళో ఏ పెద్ద గడప తొక్కినా ఆల్వరెస్ చుట్టమే. 1778లో గుతియెర్రెస్ దె పిన్యెరెస్ అనే తనిఖీ అధికారి వచ్చి ఇదంతా చూసి మండిపడ్డాడు. ఆ వంశానికి చెందినవాళ్ళని బదిలీ చేయించాడు. మొరేనో ఇ ఎస్కందోన్ అనే సమర్థుడైన క్రియోల్ ఫిస్కాల్‌ని కూడా లీమాకి పంపించేశారు. అదే చేత్తో పొగాకు, సారా మీద గుత్తాధిపత్యం బిగించాడు, పన్నులు పెంచాడు. 1781లో సొకొర్రో పట్టణంలో మొదలైన కొమునేరో తిరుగుబాటు వేలమందితో రాజధాని గుమ్మం దాకా వచ్చింది. పిన్యెరెస్ పారిపోయాడు.

తిరుగుబాటు మొదలుపెట్టింది ఆల్వరెస్ వంశం కాదు, పన్ను మోయలేని చిన్నవాళ్ళు. అది స్పష్టంగా చెప్పుకోవాలి. కానీ వెనకటి రోజుల్లో అయితే ఇలాంటి పన్ను రాకముందే జడ్జిగారి బావమరిది జడ్జిగారి చెవిలో "ఇది తగ్గించండి, ఊరు అంటుకుంటుంది" అని చెప్పేవాడు. ఆ చెవి తీసేశారు.

ఇంకొంచెం ఉంది. ఆల్వరెస్ కూతుళ్ళలో కాతలీనాని విసెంతె నారిన్యో అనే ఖజానా అధికారి చేసుకున్నాడు. వాళ్ళ కొడుకు అంతోనియో నారిన్యో, 1765లో పుట్టాడు. ఫ్రెంచివాళ్ళ మానవ హక్కుల ప్రకటనని స్పానిష్‌లోకి మార్చి, సొంత ప్రెస్సులో 1793 చివర్లో రహస్యంగా అచ్చువేసింది ఇతనే. 1794లో పట్టుకున్నారు. తాత ఏ కోర్టులో రాజు తరఫున వాదించాడో అదే కోర్టు మనవడికి 1795లో పదేళ్ళ ఆఫ్రికా జైలు, ఆస్తి జప్తు శిక్ష వేసింది. దారిలో స్పెయిన్‌లో తప్పించుకున్నాడు, అది వేరే కథ. మేనమామ, ఆ తాత పేరే పెట్టుకున్న మనువెల్ బెర్నార్దో ఆల్వరెస్, బొగోతా రాజధానిగా ఏర్పడ్డ స్వతంత్ర కుందినమార్కాకి అధినేత అయ్యాడు. 1816లో స్పెయిన్ సైన్యం తిరిగొచ్చి కాల్చి చంపింది.

నల్లకోటు

ఈ ఒక్క కుటుంబాన్ని చూపించి స్వాతంత్ర్యానికి కారణం చెప్పడం కష్టం. విజయ గారి కొంచా రాజు పక్షమే నిలబడ్డాడు. అతనికి చుట్టరికాలు తక్కువా? కానీ మీ 'చెవి' మాట నాకు నచ్చింది. ఈ చర్చలో మొదటిసారి నేను కొంచెం వెనక్కి తగ్గుతున్నాను, రాసి పెట్టుకోండి.

కొండపల్లి_బొమ్మ

చెవి మాట నాకు నచ్చలేదు. ఆ చెవిలో లా కింత్రాలా చుట్టాలు కూడా ముప్పై ఏళ్ళు ఊదారు. పన్ను తగ్గించమని చెప్పేవాడే, మా అమ్మాయి జోలికి రావద్దు అని కూడా చెప్తాడు.

వియ్యపురాలు_విజయ

బొమ్మ గారన్నది నిజం. నాకు ఇంకోటి తోస్తోంది. నిషేధం కొడుకులకీ కూతుళ్ళకీ కూడా అన్నారు కదా. కొడుకు చదువుకి పోతాడు, ఇంకో ఊళ్ళో ఉద్యోగం వెతుక్కుంటాడు. అనుమతి కొనే స్తోమత లేని జడ్జికి నలుగురు కూతుళ్ళుంటే? ఆ ఊరి అబ్బాయికి ఇవ్వకూడదు, వేరే రాజ్యం పంపాలంటే నెలల ప్రయాణం.

పాతకాగితం

విజయ గారూ, కొందరు ఇంకో కోర్టు జడ్జి కొడుకుకి ఇచ్చేవారు. కొందరు కాన్వెంట్‌కి. కాన్వెంట్‌కి కూడా దోతె కట్టాలి, కాకపోతే పెళ్ళికంటే తక్కువ. జడ్జి చనిపోయాడంటే ఇంట్లోవాళ్ళు పింఛను కోసం మాద్రిద్‌కి అర్జీలు పెట్టుకుంటూ కూర్చునేవారు. రాజు కోసం సొంత ఇల్లే లేకుండా బతికినవాడు కుటుంబానికి ఏం మిగులుస్తాడు? కొందరు జడ్జీలు చట్టం తప్పింది అత్యాశతో కాదేమో.

శిరస్తదారు

ఇది చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అక్షింతలు అటెండర్‌తో పంపే జడ్జిగారి సంగతి. వాళ్ళ పెద్దమ్మాయికి మా ఊళ్ళోనే మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు ఇంజనీరు, తండ్రికి రైసు మిల్లు. మిల్లు మీద మా కోర్టులో రెండు దావాలు నడుస్తున్నాయి. అమ్మగారికి ఇష్టం, అమ్మాయికీ ఇష్టం. ఏ రూలూ అడ్డులేదు, దావాలు వేరే కోర్టుకి పంపితే చాలు. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. బదిలీ కోరుతూ ఆయన చెప్పిన కాగితం నేనే టైపు చేశాను. కారణం దగ్గర 'వ్యక్తిగతం' అన్నారు. ఏడు నెలలు ఆగారు. ఆర్డరు చేతికొచ్చిన రోజు సాయంత్రం పురోహితుణ్ణి పిలిపించి లగ్నపత్రిక రాయించారు.

పెళ్ళికి నేను వెళ్ళాను. ఆ ఊరి బార్‌ మొత్తం వచ్చింది. ఆయనే ఎదురొచ్చి ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు.